ఎర్రదారం దాకా నీళ్ళు

ఆ వీధిలో అందరూ ఆమెను టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ముగ్గురే ముగ్గురు: భర్త, అత్తగారు, తొమ్మిదేళ్ళ కూతురు చిన్ని. వాళ్ళు చూసింది కూడా ఆమె నిద్రపోతున్నప్పుడే. ఒకసారి కరెంటు ఆఫీసు వరుసలో ఆ టేపుతోనే నిలబడితే, వెనకున్న పెద్దాయన ఆమెను డాక్టరమ్మ అనుకుని తన ఆయాసం గురించి అరగంట చెప్పుకున్నాడట. టేపక్క ఓపిగ్గా విని, మీ చొక్కా మెడ బిగిసిపోయింది, బొత్తాం ఒక వేలు పక్కకు జరిపి కుట్టించుకోండి అని చెప్పింది. ఆయనకు దాంతోనే నయమైందని వీధిలో చెప్పుకుంటారు. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు.

ఆమె కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని సరిచేస్తుంది. లావెక్కినవాళ్ళకు నడుము వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకు లోపలికి మడుస్తుంది, జిప్పులు మారుస్తుంది, అన్న ప్యాంటును తమ్ముడికి దించుతుంది. కొట్టంటే మెట్ల కింద గది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా మేకులు, మేకులకు చీటీలు గుచ్చిన బట్టలు. అందులో ఇంకో మనిషి నిలబడాలంటే టేపక్క కుర్చీలో కాళ్ళు ముడుచుకోవాలి.

పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పాతబట్టలు చూసీ చూసీ, బట్టను బట్టి మనిషి సంగతి పసిగట్టేస్తుంది. కుడి మోచెయ్యి అరిగితే గుమాస్తా, ఎడమ జేబు అంచు చిరిగితే తాళాల గుత్తి మోసే మనిషి, మోకాళ్ళు తెల్లబడితే ఇంట్లో పాకే బిడ్డ ఉన్నట్టు. ఈ విద్యతో పాటు ఒక పట్టుదల కూడా ఒంటబట్టింది. పిల్లల బట్ట చేతికొస్తే చాలు, బెత్తెడు వదులు వదలాల్సిందే. పెరిగే ఒళ్ళు కదా అంటుంది. తల్లులు బిగుతుగా కుట్టమని ఎంత నెత్తీ నోరూ బాదుకున్నా ససేమిరా. చిన్ని తన జీవితంలో ఒంటికి అతుక్కునే గౌను వేసుకుని ఎరగదు. బళ్ళో స్నేహితురాళ్ళు గుడారం అని వెక్కిరిస్తే, గుడారంలో గాలి బాగా వస్తుందని సమాధానం చెప్పేది. అంత చురుకైన పిల్ల.

చెప్పేది అనడం ఎందుకంటే, అయిదు నెలల క్రితం ఆ చురుకుదనం ఒక గుంతలో పడిపోయింది.

వానలు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ గట్టిగా కురిసిన సాయంత్రం అది. వెనక సందులో ఒక ప్యాంటు ఇచ్చి రమ్మని టేపక్క చిన్నిని పంపింది. నిజానికి తనే వెళ్ళాలి. మిషను మీద జిప్పు సగంలో ఉంది, ఇప్పుడు లేస్తే కుట్టు వంకర పోతుందని బద్ధకించింది. సందులో గొట్టాల కోసం తవ్విన గుంత వాననీటితో నిండి, రోడ్డూ గుంతా ఒకే రంగులో ఉన్నాయి. పక్కన గోడ కడుతున్న తాపీమేస్త్రీ, నీళ్ళమీద ప్యాంటు పొట్లం ఒంటరిగా తేలడం చూసి పరుగెత్తాడు. బోర్లా పడుకుని చెయ్యి పెడితే జుట్టు దొరికింది. ఆ జుట్టు పట్టుకునే పైకి లాగాడు. పిల్లకు ఒంటిమీద గీత కూడా పడలేదు. అందరూ అదృష్టం అన్నారు, టేపక్క కూడా అదృష్టమే అంది. ఆ జిప్పు మాత్రం ఆమె పూర్తిచేయలేకపోయింది, వేరే కొట్టుకు పంపేసింది.

ఆ రోజు నుంచి చిన్ని తలమీద నీళ్ళు పడనివ్వలేదు. చెంబు ఎత్తితే చాలు ఒళ్ళంతా కర్ర అయిపోయేది. తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, తడి దువ్వెనతో తల దువ్వడం, ఇదీ స్నానం. చివరికి టేపక్క బట్టలు కత్తిరించే కత్తెరతోనే పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించింది. కిటికీ మీద నాలుగు చినుకులు టపటపలాడితే చిన్ని ఆ రోజు బడికి వెళ్ళదు. గుంత గురించి మాత్రం ఒక్క మాట లేదు. అడిగితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేది.

పిల్లను చూసిన డాక్టరు మంచివాడు. భయపెట్టలేదు, మందులూ రాయలేదు. నిలబడితే కాళ్ళకు నేల అందే నీళ్ళకు తీసుకెళ్ళండి, కుటుంబమంతా కలిసి వెళ్ళండి, బలవంతం చేయకండి, దానంతట అదే దిగాలి అన్నాడు. వానలు మొదలవడానికి ఇంకా మూడు నెలలుంది. ఈ మూడు నెలల్లో పిల్ల నీటితో రాజీపడకపోతే, వానాకాలం మొత్తం ఇంట్లో తలుపు వెనకే గడుపుతుంది. టేపక్క మనసులో ఇంకో మాట కూడా ఉంది. పంపింది నేనే కదా అని. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పిల్ల ఎప్పుడో ఒకప్పుడు అంటుందని ఎదురుచూస్తూ ఉండేది.

ఇక వేట మొదలైంది. ముందు పిల్లకు నీళ్ళలో దిగే బట్టలు కావాలి. పలచటి నైలాను గుడ్డతో పొట్టి లాగూ, పొడుగు చొక్కా కుట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చొక్కా బెత్తెడు వదులు. దానికి తోడు ఆమెకు ఒక ఆలోచన తట్టింది. చిన్నిని గోడకు నిలబెట్టి, పక్కటెముకల కింద కొలిచి, చొక్కా చుట్టూ ఎర్రదారంతో ఒక గీత కుట్టింది.

"ఇదిగో, ఈ ఎర్రగీత నీళ్ళ పైన కనబడుతున్నంతసేపు నీకేం కాదు. గీత మునిగిందంటే వెనక్కి వచ్చెయ్. నేను ఎక్కడున్నా ఈ గీతనే చూస్తుంటాను," అంది.

చిన్ని గీతను వేలితో చుట్టూ తడిమి చూసింది. సరేనంది. అయిదు నెలల్లో నీళ్ళ విషయంలో ఆ పిల్ల సరేనన్నది అదొక్కదానికే.

పెద్ద ఊరు కదా, ఈతకు చోటు దొరక్కపోతుందా అనుకున్నారు. ఊరు పెద్దదే. అందులో నీళ్ళూ ఉన్నాయి. కానీ ఆ నీళ్ళలో కుటుంబానికి చోటు ఎక్కడుందో కనుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి ఆదివారం ఒక క్లబ్బుకు వెళ్ళారు. గేటు దగ్గర కాపలాదారు నలుగురినీ పైనుంచి కిందికి చూసి, అత్తగారి చేతిలోని గొడుగు దగ్గర ఆగిపోయి, సభ్యులకు మాత్రమే అన్నాడు. రెండో ఆదివారం ఒక హోటలు. నీళ్ళు నీలంగా మెరుస్తున్నాయి, మెట్టు దిగితే మనిషి లోతు. పిల్లలెక్కడ నిలబడాలని టేపక్క అడిగితే, పిల్లలు సాధారణంగా గదుల్లో నిలబడతారు మేడమ్ అని ఎంతో మర్యాదగా చెప్పారు.

ఆ తర్వాత జారుడుబండలూ గొట్టాలూ ఉన్న నీళ్ళ పార్కు. లోతు మోకాలి దాకే. చోటు దొరికిందనే అనుకున్నారు. తీరా లోపలికి వెళ్తే నడిమధ్యలో తాటిచెట్టంత ఎత్తున ఒక పెద్ద బకెట్టు. అది నిండగానే గంట మోగుతుంది, బకెట్టు బోర్లపడుతుంది, కింద ఉన్న పిల్లలందరి నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. చిన్ని ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది. ఆ బకెట్టు పెట్టినవాడెవడో కనబడితే టేపక్క నాలుగు దులిపేసి ఉండేది.

ఊరి బయట, రెండు బస్సులు మారితే, ఒక చెరువు ఉందని ఎవరో చెప్పారు. చల్లటి గాలి, చుట్టూ గడ్డి, చూడముచ్చటగా ఉంది. టేపక్క భర్త లిఫ్టు మెకానిక్కు. ఎక్కడికెళ్ళినా ముందు ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డు చూసే మనిషి. లోతు రాసిన బోర్డు లేనిచోట కాలు పెట్టేది లేదని గట్టునే నిలబడిపోయాడు. దానికేముంది, మనమే కొలుద్దామని టేపక్క తన టేపు కొసకు కత్తెర కట్టి నీళ్ళలోకి వదిలింది. గట్టు పక్కన మోకాలి లోతు. ఇంకొక్క అడుగు అవతల వేస్తే టేపు మొత్తం దిగిపోయినా కత్తెరకు నేల తగలలేదు. ఆమె టేపు పైకి లాక్కుని, తడి కత్తెర సంచీలో పెట్టుకుని, పదండి అంది.

మధ్యలో ఒక బడివాళ్ళ ఈతకొలనులో ఆడవాళ్ళకూ పిల్లలకూ వేరే సమయం ఉందన్నారు. అక్కడ నాన్నను బయటే ఆపేశారు. నాన్న లేకుండా చిన్ని లోపలికి రానంది. ఈ తిరుగుళ్ళన్నింటికీ అత్తగారు తప్పకుండా వచ్చేది. ఎండలో ఎందుకత్తయ్యా అంటే ఒంటికాలి మీద లేచేది. డాక్టరు కుటుంబమంతా అన్నాడు, నేను లేని కుటుంబం ఏం కుటుంబం అని గొడుగు తీసుకుని అందరికంటే ముందు గుమ్మం దగ్గర నిలబడేది. ఎక్కడా ఆవిడ కూర్చోవడానికి నీడన్నది లేదు. ప్రతిచోటా ఆ నలుగురిలో ఎవరో ఒకరు పనికిరాకుండా పోయేవారు.

అలా కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతుండగానే నెలన్నర గడిచిపోయింది. టేపక్క లోలోపల బెంగపడుతోంది. సరిగ్గా అప్పుడే ఒక బుధవారం ఒకామె కొట్టుకు వచ్చి, నడుము ఎలాస్టిక్ మార్చమని ఒక ట్రాక్ ప్యాంటు ఇచ్చి వెళ్ళింది. యాభై దాటిన మనిషి, పొట్టి నెరిసిన జుట్టు, గొంతులో ఆజ్ఞాపించే అలవాటు. టేపక్క ఆ ప్యాంటును దీపం కింద పరిచి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

మోకాళ్ళ నుంచి కిందికి ప్యాంటు రంగు పూర్తిగా వెలిసిపోయి ఉంది. మోకాళ్ళ పైన ముదురు నీలం చెక్కుచెదరలేదు. రెండింటి మధ్య అడ్డంగా, రెండు కాళ్ళకూ ఒకే ఎత్తున, స్పష్టమైన హద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కొలనుల్లో కలిపే మందు వాసన. అంటే ఈ మనిషి రోజూ గంటలకొద్దీ మోకాలి లోతు నీళ్ళలో నిలబడుతుంది. ఈతకొట్టే మనిషయితే ప్యాంటు మొత్తం వెలిసేది. పెద్దవాళ్ళు మోకాలి లోతులో నిలబడే పని ఏముంటుంది, అక్కడ పిల్లలుంటే తప్ప?

ఎలాస్టిక్ ఆ పూటే మార్చి పెట్టింది. శనివారం ఆమె రాగానే టేపక్క ప్యాంటు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, మీరు నిలబడే ఆ నీళ్ళు ఎక్కడున్నాయి మేడమ్ అని అడిగింది. ఆమె నవ్వి, నా ప్యాంటు మీతో ఇంకేం చెప్పింది అంది. తర్వాత ఇస్త్రీ బల్లకు ఆనుకుని విషయమంతా విన్నది. ఆమె ఈత టీచరు. ఊరి చివర, బస్సులు మళ్ళే చోట, పాత కార్ఖానా క్వార్టర్ల వెనక పనివాళ్ళ కోసం కట్టిన కొలను ఉంది. ఆదివారం పొద్దున కుటుంబాలకు, బయటివాళ్ళయినా సరే. టేపక్క ఇంకో ప్రశ్న అడిగింది, కూర్చోవడానికి నీడ ఉందా, మా అత్తగారు వస్తారు అని. రేకుల షెడ్డుంది, బల్లలున్నాయి, మా అమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది అంది టీచరు. టేపక్కకు ఆ క్షణాన ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ప్యాంటు మడిచి చేతికిచ్చింది.

నిజంగానే అది కుటుంబాల కోసం కట్టిన చోటు. హంగులేమీ లేవు. గచ్చు అక్కడక్కడ పగిలింది, బట్టలు మార్చుకునే గదికి తలుపు గడియ సరిగా పడదు. కానీ నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున తెల్ల పలకలు లెక్కపెట్టవచ్చు. నేల ఒకేసారి పడిపోదు. ఒక కొసన చీలమండ దాకా మొదలై, నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా దిగి, పెద్దవాళ్ళ రొమ్ము దాకా వచ్చాక అడ్డంగా తాడు. తాడు అవతల ఈత వచ్చినవాళ్ళు. గోడమీద నాలుగు చోట్ల లోతు రాసి ఉంది. లిఫ్టు మెకానిక్కు నాలుగూ చదివి, టేపక్క టేపు అడిగి తీసుకుని ఒకదాన్ని కొలిచి కూడా చూసుకుని, అప్పుడు చెప్పులు విప్పాడు. అత్తగారు షెడ్డులో టీచరుగారి తల్లి పక్కన చోటు చూసుకుంది. పావుగంటలో ఇద్దరూ తమ తమ మోకాళ్ళ నొప్పుల్లోకి దిగిపోయారు.

టీచరు దగ్గర ఒకే ఒక నిబంధన. పిల్ల నీళ్ళలో ఉంటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్ళెవరో ఒకరు నీళ్ళలోనే ఉండాలి. ఫోను పట్టుకుని గట్టున నిలబడ్డ తండ్రినొకణ్ణి ఆమె విజిల్ ఊది మరీ దించింది.

మొదటి ఆదివారం చిన్ని మెట్టుమీద కూర్చుని పాదాలు మాత్రం ముంచింది. రెండు గంటలూ అంతే. ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఆదివారం నాన్న వేలు పట్టుకుని మోకాలి దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచింది. మూడో ఆదివారం, ఎవరూ అనుకోనిది, తనంతట తనే టీచరు దగ్గరికి వెళ్ళి నాతో వస్తారా అని అడిగింది. తల్లి వైపు తిరిగి, "నువ్వు గట్టు మీద కూర్చోమ్మా. గీత చూస్తూ ఉండు," అంది.

టేపక్క గట్టు మీద కూర్చుంది. కళ్ళల్లో వత్తులు వేసుకుని అన్నట్టు, చూపు ఎర్రగీత మీదే నిలిపింది. పిల్ల అడుగులో అడుగు వేస్తోంది. నీళ్ళు తొడల దాకా, నడుము దాకా. గీత పైనే ఉంది. ఇంకో నాలుగు అడుగులు. గీత ఇంకా పైనే ఉంది, ఎర్రగా, గుండ్రంగా, ముచ్చటగా కనబడుతోంది. టేపక్కకు గర్వంగా అనిపించింది. పదిహేనేళ్ళ చేతి పని, కొలత ఎక్కడ తప్పుతుంది అనుకుంది. చిన్ని కూడా మధ్యమధ్యన తల వంచి గీత చూసుకుంటూ ముందుకు పోతోంది.

షెడ్డులోంచి అత్తగారి గొంతు వినబడింది. ఆవిడ పెద్దగా అరవలేదు. ఏదో సందేహం అడిగినట్టే అడిగింది.

"అమ్మాయ్, పిల్లకి తల ఒక్కటే కనబడుతోందేమిటి?"

టేపక్క అప్పుడు గీత వదిలిపెట్టి పిల్లను చూసింది. తల ఒక్కటే ఉంది. గడ్డం కిందే నీళ్ళు. ఆ గడ్డం చుట్టూ నైలాను చొక్కా గాలి పట్టి, గొడుగు విప్పినట్టు నీళ్ళమీద పరుచుకుని తేలుతోంది. దాని మీద ఎర్రగీత హాయిగా ఊగుతోంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. నేలమీద నిలబడ్డ మనిషికి కొలిచి కుట్టింది. చొక్కాలు కిందికి వేలాడతాయనే తప్ప పైకి తేలుతాయని ఆమె పదిహేనేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. అందులోనూ బెత్తెడు వదులు. బిగుతుగా కుట్టి ఉంటే కనీసం ఒంటిని పట్టుకుని ఉండేది. పిల్ల ఎంత లోతుకు పోతే గీత అంత పైకి వచ్చింది. ఆ గీతనే నమ్ముకుని పిల్ల నడిచింది. ఆ గీతనే చూస్తూ తల్లి కూర్చుంది. లేచి నిలబడింది, పిలవాలని నోరు తెరిచింది. పిల్లకు మూరెడు దూరంలో ఉన్న టీచరు ఇటు తిరగకుండానే, వీపు వెనక నుంచి అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించింది. తాడు దగ్గరున్న భర్త కూడా అప్పటికే పిల్ల వైపు రెండడుగులు వేసి, ఆ చెయ్యి చూసి నిలిచిపోయాడు. టేపక్క నోరు మూసుకుంది. జీవితంలో ఆమె చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

చిన్ని అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ వచ్చింది. నీళ్ళు దిగుతున్నకొద్దీ చొక్కా మళ్ళీ బుద్ధిగా ఒంటిమీదికి చేరుకుంది. పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఏడు నెలల తర్వాత ఆ నవ్వు. టీచరు వచ్చి టేపక్క పక్కన గట్టుమీద మోచేతులు ఆనించి, కాళ్ళు నేలమీదే ఉన్నాయమ్మా, నేను చూస్తూనే ఉన్నాను అంది. అప్పుడు టేపక్క ఊపిరి వదిలింది. మళ్ళీ గట్టుమీద కూర్చుంది.

షెడ్డులో పెద్ద చర్చే జరిగింది. పిల్ల అరటిపండు తింటూ దూరంగా ఉన్నప్పుడు భర్త సంతోషం పట్టలేక, పోనీలే, చొక్కా మంచి పనే చేసింది, పిల్లకు గీత సంగతి చెప్పకు అన్నాడు. అత్తగారు అదే మాట. భయం పోయింది కదా, మళ్ళీ ఎందుకు కెలకడం, గీత అబద్ధమని తెలిస్తే పిల్ల మళ్ళీ మెట్టెక్కి కూర్చుంటుంది అంది. అదీ నిజమే. టేపక్కకు కూడా చెప్పాలని లేదు. ఇన్నాళ్ళ తిరుగుడు తర్వాత దొరికిన నవ్వు అది, దాన్ని చేతులారా చెరుపుకోవాలంటే ఎవరికి మనసొస్తుంది?

కానీ టీచరు లేని చోట, ఇంకో ఆదివారం, ఇంకేదో చెరువులో, పిల్ల ఈ గీతను చూసుకుంటూ నడిచిపోతే? ఒకసారి తన బద్ధకం వల్ల గుంతలో పడింది. ఇంకోసారి తన కుట్టు వల్ల పడకూడదు. నమ్మిన పిల్లను ఆ నమ్మకంలోనే వదిలేయడం ఆమెకు చేతకాలేదు. లేచి, తన ప్యాంటు అంచులు పైకి మడిచి, నీళ్ళలో దిగింది. చిన్నిని దగ్గరికి పిలిచింది.

"చిన్నీ, ఆ గీత సరిగా పనిచెయ్యలేదే. అమ్మ తప్పు కుట్టింది. చొక్కా నీళ్ళలో తేలిపోయింది. నువ్వు గడ్డం దాకా వెళ్ళావు."

చెప్పేసి, పిల్ల ముఖం వైపు చూడలేక నీళ్ళలోకి చూసింది.

"తెలుసమ్మా," అంది చిన్ని.

"ఏం తెలుసు?"

"తేలుతోందని. బొడ్డు దాటగానే తెలిసింది. చేత్తో కిందికి నొక్కి చూశాను, మళ్ళీ పైకొచ్చింది."

"మరి వెనక్కి రాలేదేం?"

చిన్ని నీళ్ళలో కాలితో తెల్ల పలకను రాస్తూ నిలబడింది.

"కింద నేల ఉంది కదా. నడిస్తే ఇంకా ఉంది. ఆ గుంతలో నేల లేదమ్మా. ఎంత తన్నినా కాలికి ఏం తగల్లేదు."

ఏడు నెలల్లో ఆ గుంత గురించి పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. టేపక్కకు ఎన్నాళ్ళనుంచో లోపల ఉన్నదే బయటికొచ్చింది.

"నిన్ను పంపింది నేనే కదమ్మా. నేను రావాల్సింది."

"నువ్వొస్తే నువ్వు పడేదానివి. నీకూ ఈత రాదు కదా," అంది చిన్ని. అందులో నింద లేదు, ఓదార్పు కూడా లేదు. ఉన్న మాట చెప్పింది.

ఇన్నాళ్ళూ తల్లి ఎదురుచూసిన నింద ఇదేనా? ఇన్ని నెలలు నిద్రపట్టనివ్వని ఆ బరువు, పిల్ల ఇలా ఒక్క మాటతో తీసి గట్టుమీద పెట్టేస్తుందని ఆమె అనుకోలేదు. టేపక్క అక్కడే మోకాలి లోతు నీళ్ళలో చతికిలబడి కూర్చుంది. రొమ్ము దాకా తడిసిపోయింది. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. భర్త కంగారుగా రాబోతే అత్తగారు షెడ్డులోంచే, ఉండరా, ఏడవనీ అంది.

చిన్నికి తల్లి ఏడుపు కొత్త కాదు కాబోలు, పెద్దగా పట్టించుకోలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఇప్పుడు నీళ్ళు ఆ పిల్ల భుజాల దాకా ఉన్నాయి, చొక్కా మళ్ళీ ఉబ్బి గడ్డం చుట్టూ చేరింది. దాన్ని రెండు చేతులతో అణిచి, లాగూలోకి దోపేసుకుంది.

"గీత కాదు, నన్ను చూడు," అంది.

ముక్కు మూసుకుంది, కళ్ళు మూసుకుంది. పొట్టి జుట్టు, చెవులు, నుదురు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. టేపక్క చేతులు చాచి ఉంచింది, ముట్టుకోలేదు. తేటనీళ్ళలో పిల్ల ముఖం స్పష్టంగా కనబడుతోంది, బుగ్గలు రెండూ పూరించుకుని ఉంది. నీళ్ళు తల మీదుగా పక్కలకు పారుతుండగా చిన్ని పైకి లేచింది, గట్టిగా ఒక్క శ్వాస తీసుకుంది, ముఖం తుడుచుకోకుండానే మళ్ళీ మునిగింది.